గోడౌన్ స్కానర్లకి బ్రౌజర్ పేజీ చాలదా, డివైస్‌లో ఇన్‌స్టాల్ చేసే నేటివ్ యాప్ ఉండాల్సిందేనా?

విశాఖ_కోడర్:
క్లయింటు పాత విండోస్ సీఈ స్కానర్ గన్నులు తీసేసి జీబ్రా కంపెనీ ఆండ్రాయిడ్ హ్యాండ్‌హెల్డ్‌లు కొన్నాడు. యాప్ గీప్ ఎందుకండీ, బ్రౌజర్ పేజీ చాలంటాను నేను. డేటావెడ్జ్‌లో (స్కాన్ డేటాని యాప్‌లకి అందించే జీబ్రా సాఫ్ట్‌వేర్) కీస్ట్రోక్ ఆన్ చేస్తే, అంటే కీబోర్డు మీద టైప్ చేసినట్టు పంపమంటే, స్కాన్ కొట్టింది నేరుగా టెక్స్ట్ బాక్సులో పడిపోద్ది, మార్పులేమన్నా వస్తే సర్వర్లో మార్చుకుంటాం, ఒక్కో డివైస్ పట్టుకుని అప్‌డేట్ చేసే గోలుండదు. కాదనేవాళ్ళు చెప్పండి.

గోడౌన్_కాకా:
నేనే అంటున్న కాదని. పడ్తది, మరి ఏ బాక్సుల పడ్తది? కర్సర్ క్వాంటిటీ మీద ఉన్నప్పుడు పోరడు ట్రిగ్గర్ ఒత్తిండనుకో, 890తోని మొదలయ్యే 13 అంకెల బార్‌కోడ్ మొత్తం అండ్లకే పోతది, ఎన్కనే ఎంటర్ కూడా పోతది (స్కాన్ చివర్ల ఎంటర్ కొట్టే సఫిక్స్ అందరం పెట్టుకుంటం కదా), సేవ్ అయిపాయె. బిస్కెట్ ప్యాకెట్ల స్టాకు 8 లక్షల 90 వేల కోట్లు!

విశాఖ_కోడర్:
హహ. మాక్స్‌లెంగ్త్ 4 పెడితే, అంటే బాక్సులో నాలుగు అంకెలకి మించి పడకుండా చేస్తే, సరిపోద్ది కదన్నా, దీనికోసం యాపా?

గోడౌన్_కాకా:
గప్పుడు 8901 అని సేవ్ అయితది తమ్మీ. అది ఇంకా డేంజర్, సూస్తే నిజమైన స్టాకు లెక్కనే కొడ్తది, ఎవ్వడూ పట్టుకోడు. బాక్సుల టైప్ చేయించుడు కాకుండ, నేటివ్ యాప్ పెట్టి ఇంటెంట్‌తోని (ఆండ్రాయిడ్‌ల ఒక యాప్ ఇంకో యాప్‌కి పంపే మెసేజ్) తీసుకుంటే డేటాతో పాటు అది ఏ రకం కోడో కూడా వస్తది. ర్యాక్ లేబుళ్ళకి కోడ్ 128 రకం, సరుకుకి ఈఏఎన్ 13 రకం (గా 13 అంకెలది) పెట్టుకున్నవంటే కర్సర్ ఏడున్నా యాప్‌కి సమజైతది.

సమోసా_404:
మందుల గోడౌన్ అయితే కీస్ట్రోక్ అసలు వద్దు. జీఎస్1-128లో (బ్యాచ్, ఎక్స్‌పైరీ లాంటివన్నీ ఒకే బార్‌కోడ్‌లో పెట్టే రకం) బ్యాచ్ నంబర్ పొడవు ఫిక్స్‌డ్ కాదు, 20 అక్షరాల దాకా ఉండొచ్చు, ఎక్కడ ఆగిందో చెప్పేది ఆస్కీ 29 అనే కనపడని క్యారెక్టర్, టెక్స్ట్ బాక్సుకొచ్చేసరికి అది చాలాసార్లు ఎగిరిపోద్ది, ఇక బ్యాచూ దాని వెనకున్న ఫీల్డూ కలిసిపోతాయి.

నైట్‌షిఫ్ట్_లక్ష్మి:
స్కాన్ కొట్టేవాళ్ళం కూడా మాట్లాడొచ్చా 🙂 మా దగ్గర చివరి ర్యాకుల్లో వైఫై ఉండదు, చక్రం తిరుగుతానే ఉంటది, ఎక్కిందో లేదో తెలీక మళ్ళీ కొడతాం, తెల్లారి చూస్తే రెండుసార్లు ఎక్కుంటది, తిట్లు మాకు.

సమోసా_404:
లక్ష్మి గారు, తప్పు మీది కాదు, డిజైన్‌ది. ప్రతి స్కాన్‌కీ డివైస్‌లోనే ఒక ఐడీ పుట్టించి ముందు లోకల్‌గా రాసుకోవాలి, అదే ఐడీ మళ్ళీ వస్తే సర్వర్ వదిలేయాలి.

విశాఖ_కోడర్:
అది ఇండెక్స్‌డ్ డీబీతో (బ్రౌజర్ లోపలే ఉండే డేటాబేస్) బ్రౌజర్లోనూ చెయ్యొచ్చు. అయినా ఆఫ్‌లైన్ అన్నిటికీ పనికిరాదు. స్టాక్ లెక్కింపుకి ఓకే, పికింగ్‌లో (ఆర్డర్‌కి సరుకు తీసేటప్పుడు) ఒకే పెట్టెని ఇద్దరికి చూపిస్తే? ఇంటెంట్ విషయంలో మాత్రం కాకా కరెక్టే, పైకి తొడుగులా చిన్న నేటివ్ షెల్ వేసి, నా బ్రౌజర్ పేజీ అందులోనే నడిచేలా లోపల వెబ్‌వ్యూ పెడతా.

గోడౌన్_కాకా:
సగం దారికొచ్చినవ్ 😀

నైట్‌షిఫ్ట్_లక్ష్మి:
షెల్లో గిల్లో మీ ఇష్టం గానీ కోల్డ్ రూములో గ్లౌజులేసుకుని పాస్‌వర్డ్ మాత్రం కొట్టించకండి బాబూ, ఐడీ కార్డు మీద బార్‌కోడ్ పెట్టండి.

సమోసా_404:
కార్డు ఫొటో తీసుకుని ఇంకొకరు మీ పేరుతో లాగిన్ అయితేనో?

నైట్‌షిఫ్ట్_లక్ష్మి:
అయితే నా పనీ వాళ్ళే చేస్తారుగా, చెయ్యనీండి.