లోపల ఏదైనా దాచుకోగల ఆటనగను పిల్లల చేతనే చేయించడం ఎలా?

ప్రశ్న

సెలవు రోజుల్లో ఆరు నుంచి తొమ్మిదేళ్ల వయసున్న పదిమంది పిల్లలకు చేతిపనులు నేర్పుతుంటాను. ఇప్పటివరకు పూసలు గుచ్చడం, కాగితాన్ని చుట్టి గాజులు చేయడం, దారంతో చేతిపట్టీలు అల్లడం చేయించాను. ఈసారి ఏం చేయాలో పిల్లలే నిర్ణయించారు. మూత తీస్తే లోపల ఏదైనా దాచుకోవడానికి వీలుండే పతకం గానీ, చేతికి కట్టుకునే చిన్న భరిణె గానీ కావాలన్నారు. అందులో ఏం దాచుకుంటారని అడిగితే ఒకరు ఊడిన పాలపన్ను అన్నారు, మరొకరు గులకరాయి అన్నారు, ఇంకొకరు అది చెప్పకూడనిదని ఊరుకున్నారు.

నేను ఒక నమూనా తయారు చేశాను. నీళ్ల సీసాల మూతలు రెండింటిని ఎదురెదురుగా పెట్టి, ఒకవైపు గుడ్డముక్కను కీలుగా అతికించి, రెండోవైపు రెండు చిన్న అయస్కాంతాలు అమర్చి, నైలాన్ తాడుకు వేలాడదీశాను. చూడటానికి ముచ్చటగా ఉంది, టక్కుమని మూసుకుంటుంది. అయితే కొందరు పిల్లల ఇళ్లలో ఏడాది, రెండేళ్ల తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉన్నారు. ఆ సంగతి తలచుకున్నప్పటి నుంచి ఈ నమూనాను పిల్లల చేతికివ్వడానికి మనసు ఒప్పడం లేదు. ఏయే మార్పులు చేయాలో, మూతకు ఎలాంటి ఏర్పాటు బాగుంటుందో అనుభవం ఉన్నవారు చెప్పగలరు. పని మొత్తం గంటన్నరలో పూర్తి కావాలి, పెద్దల సాయం వీలైనంత తక్కువగా ఉండాలి.

సమాధానం 1

ఆటవస్తువుల భద్రతా పరీక్షల గురించి నాకు కొంత పరిచయం ఉన్నందువల్ల ముందుగా మీ నమూనాలోని అయస్కాంతాల గురించి చెబుతాను, ఎందుకంటే వాటిని తీసివేయడం గురించి చర్చ అనవసరం. ఒక్క అయస్కాంతాన్ని మింగితే అది సాధారణంగా బయటికి వచ్చేస్తుంది. కానీ రెండింటిని కొంత వ్యవధిలో మింగినప్పుడు అవి పేగుల్లో వేర్వేరు చోట్ల ఉండి, పేగు గోడలను మధ్యలో బిగించుకుని ఒకదానినొకటి పట్టుకుంటాయి. అలా నలిగిన చోటికి రక్తం అందక పేగుకు రంధ్రం పడుతుంది. జిగురుతో అతికించిన అయస్కాంతం ఎప్పుడో ఒకప్పుడు ఊడుతుంది, అది ఊడినట్టు ఎవరూ గమనించరు.

రెండోది పరిమాణం. మూడేళ్ల లోపు పిల్లల గొంతుకు అడ్డుపడగల ముక్కలను గుర్తించడానికి పరీక్షశాలల్లో ఒక చిన్న గొట్టం వాడతారు. దాని లోపలి వ్యాసం 31.7 మిల్లీమీటర్లు, అడుగు ఏటవాలుగా ఉండటం వల్ల లోతు ఒకవైపు 25.4, మరోవైపు 57.1 మిల్లీమీటర్లు. వస్తువును నొక్కకుండా ఎటు తిప్పి పెట్టినా సరే, అది పూర్తిగా ఆ గొట్టంలో ఇమిడిపోతే ఆ వయసు పిల్లలకు పనికిరానట్టే లెక్క. సీసా మూత వెడల్పు సుమారు 30 మిల్లీమీటర్లే కాబట్టి మీ పతకం విడిపోతే దాని సగభాగం సరిగ్గా ఆ గొట్టంలోకి జారిపోతుంది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. పొడవు 32 మిల్లీమీటర్లు దాటితే చాలనుకుంటారు, కానీ 5 సెంటీమీటర్ల పొడవున్న సన్నని గొట్టంలాంటి భరిణె నిలువుగా ఆ పరీక్ష గొట్టంలో హాయిగా దిగిపోతుంది. సన్నని ఆకారం ఎంచుకుంటే పొడవు 7 సెంటీమీటర్లకు తగ్గకూడదు. దానికన్నా 45 మిల్లీమీటర్ల వ్యాసమున్న గుండ్రని బిళ్ల ఆకారం మేలు, ఎందుకంటే దాన్ని పడుకోబెట్టినా నిలబెట్టినా లోపలికి పోదు. మూత, అడుగు విడివిడిగా కూడా ఈ కొలతకు నిలవాలన్నది మరిచిపోకండి. ఇంట్లో ఆ గొట్టం ఉండదు కాబట్టి టాయిలెట్ కాగితపు చుట్ట లోపలి అట్టగొట్టంతో చూడవచ్చు. అది కొంచెం వెడల్పుగా ఉంటుంది, అందువల్ల పరీక్ష మరికొంత కఠినంగా జరుగుతుంది, అది మంచిదే.

అరగుడ్డు ఆకారంలో పెద్ద మూతలు చేయాలన్న ఆలోచన వస్తే మానుకోండి. గిన్నెలా లోతుగా ఉండి, నోటి వెడల్పు 64 నుంచి 102 మిల్లీమీటర్ల మధ్య ఉన్న ఆటవస్తువులు పసిపిల్లల ముక్కు, నోరు రెండింటినీ ఒకేసారి మూసి అతుక్కుపోగలవు. పతకం అంత పెద్దది కాకపోయినా, ఈ కొలత తెలిసి ఉండటం అవసరం.

తాడు విషయానికి వస్తే, మెడలో వేసుకునేది ఏదైనా లాగితే విడిపోవాలి. నైలాన్ తాడు విడిపోదు, జారుడుబల్ల అంచుకో కిటికీ కొక్కానికో తగులుకుంటే పిల్లవాణ్ని వేలాడదీస్తుంది. తాడును మెడ వెనక భాగంలో రెండుగా కోసి, ఆ రెండు కొనలను టిచ్ బటన్‌తోనో వెల్క్రోతోనో కలపండి. ఒక లీటరు నీళ్ల సీసాను దానికి వేలాడదీసి చూడండి. సీసా బరువుకు బటన్ ఊడిపోతే సరిపోయినట్టే. ఇది నేను ఇంట్లో పాటించే కొలత మాత్రమే, ప్రమాణ పత్రాల్లోది కాదు. పడుకునేటప్పుడు, ఎక్కి దిగే ఆటలప్పుడు తీసేయాలన్నది ఎలాగూ చెప్పాలి. మెడలో ఎందుకు, చేతికే కట్టుకోనివ్వండి అంటే నేను ఇంకా సంతోషిస్తాను.

సమాధానం 2

పై సమాధానంలోని కొలతలన్నీ అవసరమైనవే, అయితే పనిని మరో కొస నుంచి మొదలుపెట్టమని నా సలహా. పిల్లలు ఏం దాచుకుంటారో తేలకుండా పెట్టెను నిర్ణయించడం వల్లే ఇలాంటి నమూనాలు ఎక్కువగా విఫలమవుతాయి. పాలపన్నుకు 8 మిల్లీమీటర్ల లోతు చాలు, మడిచిన చీటీకి వెడల్పు కావాలి గానీ లోతు అక్కరలేదు, గులకరాయికి రెండూ కావాలి, పైగా నడుస్తుంటే లోపల గలగలలాడకుండా మెత్తని గుడ్డ పరవాలి. గలగల శబ్దం బాగుందనే పిల్లలూ ఉంటారు, అది వేరే సంగతి.

లోపల పెట్టకూడనివి కూడా మొదటి రోజే చెప్పాలి. బొత్తాము ఆకారపు బ్యాటరీ అన్నింటికన్నా ప్రమాదకరమైనది, అందులోనూ 20 మిల్లీమీటర్ల లిథియం బిళ్ల. అది అన్నవాహికలో చిక్కుకుంటే దాని విద్యుత్తు వల్ల అక్కడి తడిలో ఘాటైన క్షారం పుట్టి రెండు గంటల్లోనే కణజాలాన్ని కాల్చేస్తుంది. బ్యాటరీ పగలాల్సిన పని కూడా లేదు. నీళ్లలో వేస్తే ఉబ్బే జెల్లీ పూసలు కూడా వద్దు, కడుపులోకి పోతే అవి అక్కడా ఉబ్బి పేగుకు అడ్డం పడతాయి. పిల్లలకు ఈ రెండూ నగల్లాగే మెరుస్తూ కనిపిస్తాయి, అదే చిక్కు.

పాత గిల్టు నగల కొక్కేలు, బిళ్లలు విప్పి ఈ పనికి వాడుకోవాలనిపిస్తుంది. అది చేయకండి. 2006లో అమెరికాలో నాలుగేళ్ల పిల్లవాడు బూట్ల జతతో ఉచితంగా వచ్చిన చేతిగొలుసు తాలూకు చిన్న బిళ్లను మింగి, సీసం విషం ఎక్కి చనిపోయాడు. ఆ బిళ్లలో దాదాపు 99 శాతం సీసమే ఉంది. ఆ తర్వాత 2008లో వచ్చిన చట్టం కింద అక్కడ పిల్లల వస్తువుల్లో సీసం పరిమితి 2011 నాటికి పదిలక్షల్లో 100 వంతులకు తగ్గింది. చౌక లోహపు నగల్లో కాడ్మియం కూడా దొరికిన సందర్భాలున్నాయి. కంటికి చూసి లోహాన్ని పోల్చుకోలేం కనుక లోహం లేకుండానే చేయండి. నికెల్ పూత చెమటకు తగిలి కొందరికి దద్దుర్లు తెస్తుందన్నది దానికి మరో కారణం.

నేనైతే గుడ్డతో చేయిస్తాను. 16 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ఫెల్ట్ గుడ్డ పట్టీ మీద 4 సెంటీమీటర్ల జేబు కుట్టి, జేబు నోటిని తపాలా కవరులా మడత మూతతో కప్పి, మూత కొనను పట్టీలోని గాటులోకి దోపుకునేలా కోస్తే అయస్కాంతం, జిగురు, కీలు ఏవీ అవసరం లేదు. పట్టీ చివరలకు వెల్క్రో కుట్టాలి. ఏడేళ్ల పిల్లలకు మొద్దుమొన సూదితో పెద్ద కుట్లు వేయడం వస్తుంది. ముందుగా మీరే రంధ్రాలు పొడిచి ఇస్తే పని సగానికి సగం తేలికవుతుంది, కుట్లు కూడా వంకర పోవు.

సమాధానం 3

గుడ్డ జేబు బాగుంటుందనడంలో సందేహం లేదు, కానీ పిల్లలు అడిగింది మూత తీసే పెట్టె. తీయడంలో, మూయడంలో ఉన్న సంబరం జేబులో ఉండదు కనుక గట్టి పెట్టె గురించి కూడా చెబుతాను. నా దగ్గర త్రీడీ ప్రింటర్ ఉంది, ఇలాంటి బిళ్లలు ఇరవై దాకా చేసి చూశాను.

మర మూత పెద్దవాళ్లకు సులువు, చిన్నపిల్లలకు చిక్కు. మొదటి చుట్టు వంకరగా పట్టుకుంటే వాళ్లు దాన్ని బలంగా తిప్పి ఇరికించేస్తారు. నొక్కితే పట్టుకునే మూత చేస్తే దాని కొక్కెం వంగాలి, మామూలుగా వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ పెళుసు కాబట్టి కొన్నాళ్లకు విరుగుతుంది, ఆ విరిగిన ముక్కే మళ్లీ చిన్నది అవుతుంది. పీఈటీజీ అనే మరో రకం ప్లాస్టిక్ అయితే కాస్త వంగుతుంది. నాకు నచ్చింది పావు చుట్టు మూత: మూత అంచు లోపల రెండు చిన్న గుబ్బలు, అడుగు భాగానికి ఎల్ ఆకారపు గాడులు. మూతను దించి పావు చుట్టు తిప్పితే కూర్చుంటుంది. ఎటు తిప్పాలో చెప్పడానికి రెండు భాగాల మీద చుక్కలు పెట్టి, చుక్కలు కలిస్తే తెరుచుకుంటుందని చెబితే ఆరేళ్ల పిల్లలకు కూడా రెండోసారికే పట్టుబడింది.

మూతకూ అడుగుకూ మధ్య ఖాళీ 0.3 మిల్లీమీటర్లు ఉంచండి. ఒక్కో ప్రింటర్‌ది ఒక్కో తీరు కనుక 0.2, 0.3, 0.4 మూడింటినీ ఒక్కొక్కటి చేసి, వదులు కానిదాన్ని ఎంచుకోవాలి. పీఎల్ఏ సుమారు 60 డిగ్రీల వేడికి మెత్తబడుతుంది. ఎండలో నిలిపిన కారులో వదిలేసిన నా బిళ్ల ఒకటి ఆకులా ముడుచుకుపోయింది. పొరల సందుల్లో తడి, మురికి నిలుస్తాయి, కాబట్టి నోట్లో పెట్టుకునే అలవాటున్న పిల్లలకు ఇది ఇవ్వకండి. ఇంకొక మాట, మూతకు ఒక సన్నని రంధ్రం ఉంచితే మంచిది. కలం మూతల కొనకు రంధ్రం పెట్టేది కూడా పొరపాటున గొంతులో ఇరుక్కుంటే గాలి ఆడటానికే.

అలా ముందే అచ్చువేసిన భాగాలిస్తే పిల్లలు చేసేదేముంటుందని మీరు అడగవచ్చు. తాడు అల్లడం, లోపల గుడ్డ పరవడం, మూత మీద బొమ్మ వేయడం వాళ్ల పని. గంటన్నరకు అది చాలు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. అయస్కాంతాలను ఊడదీసి పారేశాను. మీ సలహాలు చదివాక సగం మంది చేత ఫెల్ట్ పట్టీలు, మిగతా సగం మంది చేత 45 మిల్లీమీటర్ల బిళ్లలు చేయించాను. బిళ్లలను తెలిసినవారి ప్రింటర్ మీద పావు చుట్టు మూతతోనే తయారు చేయించాను, తాడుకు వెనక టిచ్ బటన్ పెట్టాము. సీసా బరువుకు రెండు బటన్లు ఊడలేదు, వాటిని వెల్క్రోగా మార్చాము.

నేను ఊహించనివి రెండు జరిగాయి. మెడ వెనక బటన్ విడిపోగానే బిళ్ల తాడు మీద నుంచి జారి దూరంగా దొర్లిపోయింది, దానితోపాటు పూసలన్నీ నేలపాలయ్యాయి. రెండోది, ఒక పిల్లవాడు బిళ్లలో చీమను మూసిపెట్టాడు. మూత రంధ్రం చీమ దయవల్ల ఉపయోగపడింది, అది బయటికి వచ్చేసింది. ఫెల్ట్ పట్టీలు కట్టుకున్నవారు మాత్రం ఇంటికి వెళ్లేదాకా విప్పలేదు.

నాకు మిగిలిన సందేహం ఒకటే. బిళ్లల మీద ఆక్రిలిక్ రంగు వేసినవారి మూతలు మరునాటికి బిగుసుకుపోయి తెరుచుకోలేదు. రంగు మార్చాలా, ఖాళీ పెంచాలా?

సమాధానం 3 ఇచ్చినవారు

రెండూ అక్కరలేదు. 0.3 మిల్లీమీటర్ల సందులో రెండువైపులా రంగు పొర చేరితే ఆ సందు నిండిపోతుంది, ఆరినా పైకి మెత్తగా ఉండే ఆక్రిలిక్ రంగులు ఒకదానికొకటి అంటుకుంటాయి కూడా. రంగు వేసే ముందు మూత లోపలి అంచుకు, అడుగు భాగం గాడులకు కాగితపు టేపు చుట్టించండి. ఇప్పటికే బిగుసుకున్నవాటిని గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచి తిప్పితే వస్తాయి, వేడినీళ్లు మాత్రం పోయకండి. వచ్చాక అంచు మీది రంగును ఉప్పుకాగితంతో రుద్ది తీసేస్తే చాలు.

పూసలు రాలిన విషయానికి, బిళ్లకు రెండువైపులా ఒక్కో ముడి, ప్రతి పూస తర్వాత ఒక్కో ముడి వేయించండి. అప్పుడు తాడు విడిపోయినా ఏదీ జారిపోదు. ముడి పూస రంధ్రంలో దూరిపోతోందంటే తాడును రెండు పేటలుగా తీసుకోండి.

సమాధానం 2 ఇచ్చినవారు

ఫెల్ట్ పట్టీల మూత కొన పదే పదే దోపడం వల్ల కొద్ది వారాల్లో గాటు సాగి వదులవుతుంది. గాటు రెండు చివరలా నాలుగైదు కుట్లు అడ్డంగా వేయించి పెట్టుకోండి, కాజా కుట్టినట్టు. ఆ పని పిల్లలకు కష్టం కాబట్టి మీరే చేయాలి.