ఫ్యాను రిపేరైందంటే పాడైందా, బాగైందా?

ప్రశ్న: ఇంగ్లిష్‌లో రిపేర్ అంటే బాగుచేయడమే. మనమేమో బండి ఆగిపోతే ‘రిపేరొచ్చింది’ అంటాం. ఆ మాట ఇలా ఎందుకు తిరగబడింది? ‘మరమ్మతు’ అని రాస్తే ఈ తికమక తీరుతుందా?

—

‘ఫ్యాను రిపేరైంది’ అంటే వినేవాళ్లకు ముందు తట్టేది పాడైందనే. బాగైందని చెప్పాలంటే ‘రిపేరు చేయించాం’ అనో, ‘రిపేరు అయిపోయింది, తీసుకెళ్లండి’ అనో అంటాం.

కీలకం ‘వచ్చు’ క్రియలో ఉందని నా అభిప్రాయం. పైరు కోతకొచ్చింది, చెట్టు కాపుకొచ్చింది అంటాం కదా, అంటే ఆ దశకు చేరిందని. బండి కూడా అలాగే ‘రిపేరుకొచ్చింది’, బాగుచేయాల్సిన దశకు చేరింది. ఆ ‘కు’ కాస్తా రాలిపోతే మిగిలేది ‘రిపేరొచ్చింది’. ఇక అది ‘జ్వరం వచ్చింది’ వరుసలో కూర్చుంది. తెలంగాణలో ‘ఖరాబైంది’ ఉంది కాబట్టి ‘మోటర్ ఖరాబైంది, రిపేర్ చేపియ్యాలె’ అని రెండూ విడివిడిగా చెప్పే వీలుంది.

మరమ్మతుతో తీరదండీ. అరబీలో పుట్టి పారసీ, ఉర్దూల మీదుగా మనకొచ్చిన ఆ మాటకూ ఇదే గతి పట్టింది. ‘బోరు మోటారు మరమ్మతుకు గురైంది’ అని పత్రికల్లో చూస్తుంటాం. ప్రమాదానికి గురవుతాం, మోసానికి గురవుతాం. బాగుపడటానికి ఎవరైనా గురవుతారా?

—

దీనికి సరిగ్గా ఎదురు మాట పంక్చర్. ఇంగ్లిష్‌లో అది చిల్లు పేరు. మనం మాత్రం ‘పంక్చర్ పడింది’ అంటాం, ‘పంక్చర్ వేయించాను’ అనీ అంటాం. రెండోసారి అది అతుకు పేరు. నామం ఏదైనా కానివ్వండి, అర్థం తేల్చేది పక్కనున్న క్రియే.

ఆ ‘వేయడం’లో పనితనం కూడా ఉంది. ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి, బుడగలొచ్చే చోట గుర్తు పెట్టి, తుడిచి ఆరబెట్టాలి. ప్యాచ్ కన్నా కాస్త ఎక్కువ మేర గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పలచగా రాసి, తడి పోయేదాకా ఆగాలి. తడి మీదే అంటిస్తే లోపలి ద్రావకం ఆవిరయ్యే దారిలేక అంచులు లేస్తాయి. టైరు లోపల తడిమి ముల్లు తీయకపోతే మళ్లీ అదే చోట గుచ్చుకుంటుంది, పాపం నింద ప్యాచ్ మీద పడుతుంది.

—

అన్నిటికీ రిపేరు అనడం వల్ల పనికో పేరు ఉండే అలవాటు పోతోంది. గుడ్డకు వేసేది మాసిక, బిందె చిల్లుకు వేసేది మాటు. రఫూ మాసిక కాదు. అదే బట్ట లోపలి కుట్టులోంచి లాగిన దారంతో, పడుగుపేకల్లా కిందికీ మీదికీ అల్లుతూ చిరుగు మూసేయడం. వేరే దారం వాడితే రంగు కలిసినా మెరుపు కలవదు.

కళాయిని కూడా చాలామంది మాటుతో కలిపేస్తారు. కళాయి చిల్లు పూడ్చదు, రాగి ఇత్తడి గిన్నెల లోపల తగరం పూత పూస్తుంది. గిన్నె బాగా తోమి, కొలిమి మీద వేడిచేసి, నవాసారం చల్లి, తగరం కరిగిస్తూ దూదితో లోపలంతా రుద్దుతారు. నవాసారం పని లోహం మీది తుప్పు పొరను పోగొట్టడం. అది చాలకపోయినా, జిడ్డు మిగిలినా తగరం పట్టదు, మచ్చలు మచ్చలుగా నిలుస్తుంది. ఆ మచ్చల చోట చింతపండు పులుసు తగిలితే చిలుము పడుతుంది.

—

చెరువు సంగతీ అంతే. 2015లో తెలంగాణలో మొదలైన మిషన్ కాకతీయను కాగితాల మీద ‘పునరుద్ధరణ’ అన్నారు. రైతు నోట అది పూడిక తీయడం, కట్ట మీద మట్టి పోయడం, తూము, మత్తడి బాగుచేయడం. చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే ఆ మత్తడినే ఆంధ్రలో అలుగు అంటారు. గండి పడితే మాత్రం ఎక్కడైనా పూడ్చడమే.

—

‘ఫిక్స్’ కూడా చూడండి. లాటిన్ మూలంలో దాని అర్థం బిగించడం. బాగుచేయడమనే అర్థం తర్వాత అమెరికా వాడుకలో బలపడింది. మనం పాత అర్థాన్నే పట్టుకున్నాం: పెళ్లి ఫిక్స్, రేటు ఫిక్స్. బాగుచేయడమనే అర్థంలో వాడేది ఎక్కువగా సాఫ్ట్‌వేర్ వాళ్లే, అదీ బగ్గులకు.

—

ప్రశ్న: అద్దె ఒప్పందాల్లో ‘ఇన్ గుడ్ రిపేర్’ అని ఉంటుంది. దాన్నేమని రాయాలి?

—

అక్కడ రిపేర్ పని కాదు, స్థితి. ‘మంచి మరమ్మతులో’ అని రాస్తే ఎవరికీ అర్థం కాదు. ‘ఇంటిని వాడకానికి తగిన మంచి స్థితిలో ఉంచాలి’ అంటే సరిపోతుంది. తర్వాతి వాక్యంలో ఏ పని ఎవరిదో పేర్లతో రాయండి: కుళాయి వాషర్లు, స్విచ్చులు అద్దెకున్నవారివి, స్లాబు లీకు, గోడ బీటలు ఇంటివారివి అన్నట్టు. ఉత్త ‘రిపేర్లు’ అని వదిలేస్తే గొడవ స్లాబు దగ్గరే మొదలవుతుంది.