కళ్ళు తిరుగుతున్నాయన్న మనిషికి వేలు చూపించి పరీక్ష చేస్తే సరిపోతుందా?

తణుకు అబ్బాయి:
మూడు రోజుల కిందట అమ్మ పొద్దున్నే మంచం దిగబోతే ఇల్లంతా గిర్రున తిరిగింది. వాంతులు కూడా. ఆసుపత్రిలో డాక్టరు గారు వేలు ఎదురుగా పెట్టి "దీన్నే చూడండమ్మా" అన్నారు. కళ్ళు కదలట్లేదు, ఏమీ లేదు, టెన్షనే అని పంపేశారు. ఇంట్లో మాత్రం అమ్మ కళ్ళు మూసుకుంటే రెప్పల కింద గుడ్లు టకటకా ఒకే పక్కకి కొట్టుకుంటున్నాయి. తెరిచి కేలెండరు వంక చూస్తే ఆగిపోతున్నాయి. ఆ పరీక్షను నమ్మొచ్చా?

ఈఎన్‌టీ పీజీ:
అది ఒక్కటే చూసి "ఏమీ లేదు" అనడం తప్పండీ. లోపలి చెవి ఒకవైపు దెబ్బతింటే తల కదలకపోయినా తిరుగుతున్నట్టు మెదడుకి కబురు వెళ్తుంది. కళ్ళు మెల్లగా ఒకవైపు జారి, చటుక్కున వెనక్కి వస్తాయి. నిస్టాగ్మస్ అంటే అదే. చూపు దేనిమీదైనా నిలిపితే చిన్నమెదడు ఆ జారుడుని అణిచేస్తుంది. కేలెండరు చేసిన పనే ఆ వేలూ చేసింది. అందుకే దాదాపు 20 డయాప్టర్ల పవరున్న మందపు అద్దాల ఫ్రెంజెల్ కళ్ళజోడు పెడతాం. రోగికి అంతా మసక, మాకు కళ్ళు పెద్దవిగా కనిపిస్తాయి.

రాత్రి డ్యూటీ:
క్యాజువాలిటీలో ఆ కళ్ళజోడు ఎక్కడుందండీ? పైగా వేలి పరీక్ష దండగ కాదు. చూపు నిలిపినా కళ్ళు ఆగకపోతే మెదడులో సమస్య ఉందేమోనని అనుమానించాలి. నాకు ముందు తెలియాల్సింది అదే.

ఈఎన్‌టీ పీజీ:
మీ మాట సగం ఒప్పుకుంటాను. చెవిలో 30, 44 డిగ్రీల నీళ్ళు పోసి నిస్టాగ్మస్ తెప్పించే కేలరిక్ పరీక్షలోనూ చివర్లో చుక్కని చూడమంటాం, నిస్టాగ్మస్ తగ్గాలి. కానీ ఆగింది కాబట్టి చెవిదే అని తేల్చేయకూడదు. చిన్నమెదడులో చిన్న స్ట్రోకు కూడా అచ్చం చెవి జబ్బులా కనిపించగలదు. కళ్ళజోడు లేకపోతే కంటి లోపల చూసే ఆఫ్తాల్మోస్కోపు ఉంటుంది కదా? ఒక కన్ను మూసి రెండోదాంట్లోకి చూడండి. మూసిన కంటికి చూపు నిలపడానికి ఏమీ ఉండదు. కంటి లోపల నరం మొదలయ్యే గుండ్రటి మచ్చ కదులుతూ కనిపిస్తుంది, అది కంటి వెనక గోడమీద ఉంటుంది కాబట్టి దిక్కు మాత్రం తిరగేసి చదువుకోవాలి.

ఫిజియో వరంగల్:
పెద్దవాళ్ళు చూపు ఒకచోట నిలిపి కూర్చోమంటారు. వాంతి వేళ అది ఊరటే, కానీ రోజులతరబడి కదలకుండా కూర్చుంటే మెదడు సర్దుకోదు. డాక్టరు చూసి సరేనన్నాక నేను గోడమీద ఒక అక్షరం అంటించి, దాన్నే చూస్తూ తల అటూ ఇటూ తిప్పమంటాను. ఫోన్ గబగబా ఊపితే అక్షరాలు చెదురుతాయి, ఫోన్ కదపకుండా అంతే వేగంగా తల ఊపితే చదవగలం. తల కుడికి వెళ్ళగానే కళ్ళని ఎడమకి నెట్టే ఆ రిఫ్లెక్సునే మళ్ళీ దారిలో పెట్టాలి.

ఈఎన్‌టీ పీజీ:
తణుకు అబ్బాయి గారూ, అమ్మ నడవగలుగుతున్నారా? మాట తడబడుతోందా? ఎలా ఉన్నా ఈరోజే న్యూరాలజిస్టుకి చూపించండి.

తణుకు అబ్బాయి:
మాట బాగానే ఉందండీ. గోడ పట్టుకుని బాత్రూం దాకా వెళ్తోంది. ఇప్పుడే బయల్దేరుతున్నాం. రెప్పల కింద కదలిక ఫోన్లో వీడియో తీశాను, అదీ చూపిస్తాను.