బై, అంటిల్ ఈ రెండింటికీ తేడా ఎవరైనా క్లియర్‌గా చెప్పండి

సిరి_విజయనగరం:
అందరికీ నమస్తే అండి. మా తమ్ముడు బ్యాంక్ ఎగ్జామ్స్‌కి ప్రిపేర్ అవుతున్నాడు, ఎర్రర్ స్పాటింగ్‌లో బై, అంటిల్ వచ్చాయంటే చాలు అక్కడే ఆగిపోతున్నాడు. స్కూల్లో బై అంటే "చేత" అనీ అంటిల్ అంటే "వరకు" అనీ నేర్పారు, మరి "సబ్మిట్ ది ఫామ్ బై ఫ్రైడే" అన్నప్పుడు చేత ఎలా కుదురుతుంది, పోనీ వరకు అనుకుందామంటే రెండూ ఒకటే అయిపోతున్నాయి. వాడికి ఎలా చెప్పాలి?

టీచరమ్మ_భీమవరం:
సిరీ, టైమ్ గురించి చెప్పేటప్పుడు బై అంటే "కల్లా" అనుకోమనమ్మా. శుక్రవారం కల్లా ఫామ్ ఇచ్చెయ్ అంటే బుధవారం ఇచ్చినా పర్లేదు, ఒక్కసారి ఇచ్చేస్తే పనైపోయినట్టే. అప్లికేషన్ల మీద "ఆన్ ఆర్ బిఫోర్" అని ఉంటుంది చూడు, అదీ ఇదే. అంటిల్ అంటే "దాకా", అప్పటిదాకా ఆ పని సాగుతూనే ఉండాలి. "ఐ విల్ వెయిట్ అంటిల్ ఫైవ్" అంటే ఐదింటి దాకా కూర్చునే ఉంటాను అని. అందుకే వెయిట్, స్టే, స్లీప్ లాంటివాటికి అంటిల్, సబ్మిట్, ఫినిష్, రిటర్న్ లాంటివాటికి బై.

కృష్ణాతీరం:
మేడం చెప్పింది కరెక్ట్, కానీ ఎగ్జామ్‌లో దెబ్బ కొట్టేవి వేరే రెండు ఉన్నాయి. ఒకటి, "యు కెన్ సబ్మిట్ ది ఫామ్ అంటిల్ ఫ్రైడే" రైటే, ఎందుకంటే ఇక్కడ శుక్రవారం దాకా సాగేది ఇవ్వడం కాదు, ఇచ్చే అవకాశం. రెండోది నాట్ వచ్చినప్పుడు, "ది షాప్ డజ్ నాట్ ఓపెన్ అంటిల్ టెన్" అంటే పదింటి దాకా తెరవరు, మూసి ఉండటం సాగుతోంది కాబట్టి ఓపెన్‌కి కూడా అంటిల్ పడుతుంది. తమ్ముడితో ఈ రెండూ బాగా ప్రాక్టీస్ చేయించండి.

హైదరాబాదీ_పిల్ల:
ఇంకోటి, మనకి శుక్రవారం లోపు, రెండ్రోజుల లోపు రెండూ "లోపు"నే కదా, ఆ అలవాటులో "బై టూ డేస్" అని రాసేస్తారు చాలామంది. రోజుల లెక్కకి వితిన్ రావాలి. ఆఫీస్ మెయిల్‌లో "ఆన్ లీవ్ అంటిల్ ఫ్రైడే" అని పెడితే శుక్రవారం వస్తారా రారా అర్థం కాదు, దాని బదులు "బ్యాక్ ఆన్ మండే" అని రాసేస్తే గొడవే లేదు.

సిరి_విజయనగరం:
చాలా థాంక్స్ అండి, కల్లా, దాకా అనగానే వాడికి టక్కున ఎక్కేసింది. టిల్ అంటే అంటిల్‌కి షార్ట్‌కట్టేనా?

టీచరమ్మ_భీమవరం:
కాదమ్మా, అర్థం ఒకటే గానీ టిల్లే ముందు పుట్టిన మాట, అంటిల్ తర్వాత వచ్చింది. రెండిట్లో ఏది రాసినా తప్పు లేదు.