జపాన్ వాళ్లు "పరిశీలిస్తాం" అన్నారంటే వద్దన్నట్టేనా?

జపాన్ కంపెనీలతో పనిచేసిన అనుభవం ఉన్నవాళ్లు కాస్త దారి చూపించండి.

మాది చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. అక్కడి ఒక సంస్థతో మూడుసార్లు వీడియో మీటింగ్ అయింది. మూడోసారి చివర్లో నేను సూటిగా "ఈ నెలలోనే ఒప్పందం చేసుకుందామా?" అని అడిగేశాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ మౌనానికి టెన్షన్ పడి, ఎవరూ అడక్కుండానే రేటు తగ్గిస్తానని అనేశాను (నోరు కట్టేసుకుని ఉండాల్సింది). చివరికి వాళ్లు "కెంతో షిమాస్", అంటే పరిశీలిస్తాం, అన్నారు. రెండు వారాలైంది, ఉలుకూ పలుకూ లేదు.

తర్వాత చదివితే, ఆ మాట చాలాసార్లు మర్యాదగా వద్దని చెప్పడమేనట. మరోపక్క 'నెమవాషి' అనే పద్ధతి కూడా ఉందట. నిర్ణయానికి ముందే సంబంధించిన వాళ్లందరితో విడివిడిగా మాట్లాడి ఒప్పిస్తారు, అందుకే టైమ్ పడుతుందంటారు. నా విషయంలో ఏది జరుగుతోందో ఎలా తెలుసుకోవాలి? విజిటింగ్ కార్డు రెండు చేతులతో అందుకోవడం లాంటివి తేలిగ్గానే నేర్చుకున్నాను. మౌనాన్ని అర్థం చేసుకోవడమే నావల్ల కావట్లేదు.

ఇప్పుడు మళ్లీ మెయిల్ పెట్టాలా, ఇంకా ఆగాలా? పెడితే రేటు ఊసెత్తకుండా, వాళ్లు అడిగిన సెక్యూరిటీ వివరాలు మాత్రమే పంపితే బాగుంటుందా?

ఇంకొకటి. వాళ్ల టీమ్‌లో ఒక ఇంజినీర్ మా ప్రొడక్ట్ మీద చాలా ఆసక్తి చూపించారు. ఆయనతో విడిగా మాట్లాడితే పై అధికారిని దాటి వెళ్లినట్టు అవుతుందా?