అప్‌డేట్: లేపాక్షి పైకప్పు బొమ్మలు ఈసారి అర్థమయ్యాయి

లేపాక్షి వీరభద్రస్వామి గుడి పైకప్పు చిత్రాలన్నీ ఒకేలా ఉన్నాయి, మెడనొప్పి తప్ప ఏమీ మిగల్లేదు అని రెండు నెలల కిందట ఇక్కడే అడిగాను. మొన్న ఆదివారం మళ్లీ వెళ్లొచ్చాను. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

బాగా పనిచేసింది ఇది: "పేర్లు వెతక్కండి. ఒక్క బొమ్మ కిందే పావుగంట నిలబడి, కనిపించినవి రాసుకోండి." కిరాతార్జునీయం (వేటగాడి వేషంలో వచ్చిన శివుడితో పంది కోసం అర్జునుడు పోరాడే కథ) పట్టీ ఎంచుకున్నాను. మొదట నోట్‌బుక్‌లో "చాలామంది విలుకాళ్లు, పంది" అని రాశాను. చూస్తూ ఉంటే, ఒకే మనిషి మళ్లీ మళ్లీ వస్తున్నాడేమో అనిపించింది. గైడ్‌ని అడిగితే అదే నిజమన్నారు. కథంతా ఒకే వరుసలో నడుస్తుంది, అర్జునుడు ఘట్టానికోసారి కనిపిస్తాడు. నేనేమో ఇన్నాళ్లూ అందరూ వేరువేరు వీరులనుకున్నాను!

గుడి కట్టించిన విరూపణ్ణ, వీరణ్ణల బొమ్మలో పొడవాటి టోపీలున్నాయి. అవి విజయనగర కొలువులో పెట్టుకునే కుల్లాయిలట. బళ్లో శ్రీనాథుడి చాటుపద్యంతో పాటు బట్టీపట్టిన మాట, వస్తువుని చూడటం ఇప్పుడే. విజయనగర కొలువు మనుషులని టోపీయే చెప్పేస్తోంది.

కొందరు చూడమన్న రంగుల తయారీ వీడియోలు నా సమస్యకి అక్కర్లేకపోయాయి. చేతి అద్దంలో చూడమన్న చిట్కా మెడకి హాయే, కానీ కుడిఎడమలు తారుమారై కథ వెనక్కి నడిచింది. చిన్న బైనాక్యులర్ మేలు.

పార్వతీ కల్యాణం దగ్గరికి వచ్చేసరికి బస్సు టైమైంది. అది ఇంకోసారి.