పెనెంట్‌కి తెలుగు: టెక్కెమా, సిడమా?

ఓక్లండ్ బాబాయి:
అమెరికా పడమటి తీరపు బేస్‌బాల్ మైనర్ లీగ్, పసిఫిక్ కోస్ట్ లీగ్ 1906 సీజన్ మీద వ్యాసం రాస్తూ 'పెనెంట్' అనే ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. ఏప్రిల్ 18న భూకంపం, వెంటనే మంటలు. శాన్‌ఫ్రాన్సిస్కో సీల్స్ ఆడే రిక్రియేషన్ పార్క్ నాశనమైంది. ఆటలు నీళ్లు దాటి మా ఊరి ఐడోరా పార్కుకి వచ్చాయి. ఆ ఏడు పోర్ట్‌లాండ్ జట్టు పెనెంట్ గెలిచింది, అంటే లీగ్ విజేత అయింది. కప్పు అని రాయలేను, అది నిజంగా జెండానే. తరువాతి సీజన్‌లో సొంత మైదానంలో ఎగరేస్తారు. విరాటపర్వంలో అర్జునుడు ఉత్తరుడికి కౌరవుల్ని చూపించే పద్యం చివర భీష్ముడి గురించి 'ఘనతాళ తరువగు టెక్కెమువాడు' అని ఉంది కదా? ఆ టెక్కెం వాడేద్దామా?

యతిమైత్రి:
ఆ పద్యంలో ఉన్నది టెక్కెం కాదండీ, సిడము; అదీ జెండానే. 'శిఖర' అని పాదం ఎత్తుకున్నాక, ఆ 'శి'తో యతి కుదరాల్సిన నాలుగో గణం 'టె'తో ఎలా మొదలవుతుంది? పైగా అక్కడ చిన్నదైన సూర్యగణం పడాలి, 'టెక్కెము' అంతకన్నా పెద్దదైన భగణం. తిక్కన గారు అంత తేలిగ్గా దొరకరు.

కాగితప్పడవ:
యతి సరే. సిడము అంటే ఈ రోజుల్లో ఎవరికి తెలుస్తుంది? టెక్కెం అంటే కనీసం 'టెక్కు' గుర్తొస్తుంది, గెలిచిన జట్టుకి బాగా నప్పుతుంది.

గోదారి గట్టు:
అసలు అందం ఆ సీసంలోనే ఉంది. ద్రోణుడికి కేతనం, అశ్వత్థామకి కేతువు, కృపుడికి ధ్వజం, కర్ణుడికి పతాక, దుర్యోధనుడికి పడగ, తాతకి సిడము. ఆరుగురికి ఆరు మాటలు. పాము గుర్తున్నవాడికే 'పడగ' దక్కడం యాదృచ్ఛికమంటే నేను నమ్మను. ఆ ఒక్క మాట కోసమే పద్యాన్ని పదిసార్లు చదువుకుంటాను.

సిరిమాను:
నా అనుమానం: సిడము, సిడిమాను (జాతరలో మనిషిని వేలాడదీసే పొడుగాటి మాను) ఒకే ఇంటివి. అంటే ముందు అది కర్ర, తరువాతే గుడ్డ.

యతిమైత్రి:
చెవికి దగ్గరగా వినబడినవన్నీ చుట్టాలు కావు. అలా అయితే చర్మరోగం 'సిడుము' కూడా కలుపుకోండి.

కాగితప్పడవ:
ఇంతకీ మైనర్ లీగ్ అంటే మైనరు బాబుల లీగా?

ఓక్లండ్ బాబాయి:
సిల్కు లాల్చీలు లేవులెండి, పెద్ద లీగుల కింది స్థాయి లీగులివి. 1901లో చికాగోలో నేషనల్ అసోసియేషన్ పెట్టుకుని లీగుల్ని ఎ, బి, సి, డి తరగతులుగా విడగొట్టారు. మా లీగ్ 1903లో దానికి బయటే మొదలై, మరుసటి ఏడు చేరింది. తొలి ఏడు లాస్ ఏంజెలెస్ 133 ఆటలు గెలిచింది. 1905లో శాన్‌ఫ్రాన్సిస్కో ఏకంగా 230 ఆడింది! ఇక్కడ చలి తక్కువ, ఆడుతూనే ఉండొచ్చు.

సిరిమాను:
230 ఆడాక జెండా ఏం సరిపోతుంది, ధ్వజస్తంభమే ఇవ్వాలి. కర్ర అని నేను అన్నది ఇందుకే.

గోదారి గట్టు:
'పోర్ట్‌లాండ్ పడగెత్తింది' అని రాయండి, చదవడానికి ఎంత బాగుందో.

ఓక్లండ్ బాబాయి:
అప్పుడు కోటికి పడగెత్తిందనుకుంటారు. సరే, వ్యాసంలో ఒకసారి 'సిడము' అని రాసి చూస్తాను.

యతిమైత్రి:
పద్యపాదం కూడా ఎత్తిరాస్తే 'సిడమువాఁడు' అని రాయండి. పైన మీరు అరసున్న మింగేశారు.

కాగితప్పడవ:
అమ్మో, ఇక అరసున్న మొదలైంది.